అనురాధకు పెట్టిన బతుకమ్మ చీరలు

సూరత్, లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి బతికిన కమలాకర్ అనే నేను, కీర్తిశేషులైన సోమలింగం, బాలవ్వల పెద్దకొడుకును, నా ఇష్టప్రకారం, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉంది. ఊపిరితిత్తులే మొండికేశాయి; మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. విసిగిపోయాను గనుక ఉన్న పనులు ముగించుకుంటున్నాను. దీని అమలు బాధ్యత నాతోపాటు కార్ఖానాలో పనిచేసిన నరహరిది.

1. డిండోలిలో నా స్వార్జితమైన ఇల్లు, ఒక గది, వంటిల్లు, అందులోని సామానుతో సహా అనురాధకు సర్వహక్కులతో చెందాలి. ఆమె నాకేమవుతుందని వకీలు అడిగాడు. గల్లీ అంతా చెప్పే మాటే రాయించాను: నాతో నిశ్చితార్థమైన మనిషి. అసలు సంగతి మూడో అంశంలో ఉంది.

2. అమ్మ ఇత్తడి గుండిగ తమ్ముడు శ్యాంసుందర్‌కు. ఏ కార్యానికి కలిసినా దాని ఊసెత్తకుండా అన్నం ముట్టడు. ఇకనైనా నెమ్మదిగా తింటాడని ఆశ. అమ్మ దినాల నాడు అనురాధను చూపించి, "మూడు ముళ్లు పడని ఆడిదానికి మనింట్ల ఏం పని?" అని పదిమందిలో అన్నాడు. మరిచిపోలేదు. పైన రాసిన ఇంటి మీద అతనికి గాని, అతని పిల్లలకు గాని ఎలాంటి హక్కూ లేదు.

3. అనురాధకూ నాకూ జరిగింది ఉత్తుత్తి నిశ్చితార్థం. అప్పట్లో ఆమెను తాగుబోతు మేనబావకు కట్టబెట్టబోతున్నారు. ఇటు నేను పెళ్లి వద్దంటున్నానని మా అమ్మ అన్నం మానేసింది. ఒకే గల్లీ వాళ్లం. ఇద్దరం మాట్లాడుకుని పూలు పండ్లు జరిపించుకున్నాం. మేనబావకు వేరే సంబంధం కుదరగానే తెంపుకోవాలని ఒప్పందం. అతనికి ఆ ఎండాకాలమే పెళ్లయిపోయింది. ఈలోపు అమ్మకు పక్షవాతం వచ్చింది, అనురాధ రోజూ వచ్చి అన్నం తినిపించడం మొదలుపెట్టింది. ఇక తెంపుదామనడానికి ఎవరికీ నోరు రాలేదు. లగ్గాన్ని ఒక ఏడు మూఢమని, ఒక ఏడు వాళ్ల నాన్న పోయిన మైల అని, ఒక ఏడు కార్ఖానా బంద్ అని వాయిదా వేసుకుంటూ వచ్చాం. కాబోయే కోడలికి పెట్టాల్సిన బతుకమ్మ చీర మాత్రం అమ్మ ఒక్క ఏడూ తప్పనివ్వలేదు. మంచం మీది నుంచే "జర మంచిది తే బిడ్డా, నల్గుర్ల కట్టుకుంటది" అనేది.

అమ్మ పోయింది. ఏడాది మైల తీరాక వచ్చిన బతుకమ్మకు చీర తెమ్మనేవాళ్లు లేరు, నమ్మించాల్సినవాళ్లూ లేరు. అయినా కొన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. కట్టుకుని ఆడటానికి వచ్చింది. అప్పటి నుంచి ఏటా ఇదే.

4. నేను పోయాక కూడా ఏటా బతుకమ్మకు ఆమెకు నరహరి చీర కొనివ్వాలి. ఖర్చు నా బ్యాంకు ఖాతాలోంచి. పసుపు రంగు వద్దు; ఆమెకు నచ్చదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను పోయిన నాడు ఆమె గాజులు తీయమనే హక్కు ఎవరికీ లేదు.

5. ఆమె అంటే నాకు ప్రేమ. చెబితే మాట తప్పావని రావడం మానేస్తుందేమోనని ఇన్నేళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడు భయపడే ఓపిక కూడా లేదు. సంతకం చేసేముందు ఈ కాగితం ఆమెకే ఇచ్చి చదివిస్తాను. ఇల్లు వద్దనుకుంటే మొదటి అంశం కొట్టేయవచ్చు, ఈ అంశం వద్దనుకుంటే ఇదీ కొట్టేయవచ్చు. ఆమె కొట్టేసింది కొట్టేసినట్టే చెల్లుతుంది.

కొట్టివేతల వివరం: మూడో అంశం మొదటి వాక్యంలో "ఉత్తుత్తి" అన్న ఒక్క మాట. కొట్టేసింది అనురాధ, పక్కన తన సంతకం కూడా పెట్టింది. ఇంకేదీ ముట్టుకోలేదు. నాకు పూర్తిగా సమ్మతం.

సూరత్, 14 సెప్టెంబరు 2025

(సంతకం) కమలాకర్

సాక్షులు:
లింగమూర్తి, ఎదురింటివారు
ప్రసన్న, లింగమూర్తి కోడలు