రేడియో సారుకు అత్తమ్మ జవాబు

వరంగల్, 1985
ఆదివారం రాత్రి

ఇవాళ రేడియోలో మా దూరవిద్య డిగ్రీ అర్థశాస్త్రం పాఠం. పరీక్షలో ఇది తప్పకుండా వస్తుందని స్టడీ సెంటరులో అందరూ అంటున్నారు. రేడియో సెల్లులు నీరసించాయని పొద్దున్నే ఎండలో పెట్టాను. అయినా సారు గొంతు బావిలోంచి వచ్చినట్టే వచ్చింది.

పాఠం మొదలవగానే అత్తమ్మ చింతపండు గింజలు తీయడం ఆపి, కొంగు భుజాల మీద కప్పుకుని నా పక్కన కూర్చుంది. "సారు చెప్తాంటే మనం పనిచేసుకుంట కూసుంటే మంచిగుండది" అంది.

సారు డిమాండు వ్యాకోచత్వం అన్నారు. అదేమిటో అందేలోపే సూత్రంలోకి వెళ్లిపోయారు. జర ఆగండి, మళ్లీ చెప్పండి అని ఎవరిని అడగను? పెన్ను పట్టుకుని ఊరికే రేడియో వంక చూస్తూ కూర్చున్నాను.

చివర్లో ఆయన "అర్థమైంది కదా" అన్నారు.

అత్తమ్మే రేడియో వైపు తిరిగి, "అయింది సారూ. మా కోడలు మస్తు హుషారు, ఒక్కసారి ఇంటె చాలు" అంది.

నేను చదువుకోవాలని పొద్దుటి నుంచీ వంటంతా తనే చేసింది. వాడకట్టు అంతా చెప్పి నన్ను అప్పుడే టీచరమ్మను చేసేసింది. ఆవిడ మొహం చూస్తూ నాకేం అర్థం కాలేదని ఎట్లా చెప్పను...

అన్నం తినేటప్పుడు అడిగింది, "సారు రేపు గూడ ఇదే చెప్తడా?"

"లేదత్తమ్మా, ఆ పాఠం అయిపోయింది."

"ఇగ ఫికర్ లేదు. నీకు ఒచ్చింది గద."

తలూపాను.