ఆగకుండా ఎగిరిన విమానం

ఏమండీ,

మీరు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీ కంప్యూటర్‌ని బస్సులో బెజవాడ తీసుకెళ్లాను. చూపు ఆనక పైలట్ కాలేకపోయిన మీరు, రిటైరయ్యాక యుద్ధవిమానాలు నడిపింది దాంట్లోనే కదా. విమానం నేలకు దగ్గరగా వస్తే చాలు, తెర మీద బొమ్మ ఆగిపోయేది. మీరు విసుక్కునేవారు.

"ఈ ఆటకి పదహారు జీబీ ర్యామ్ చాలదండీ. ముప్పై రెండు వేసి, గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చాలి. ఇంతకీ ఆడేదెవరండీ?" అన్నాడు షాపాయన.

"మా ఆయన," అన్నాను.

అవి రెండూ వేయించి తెచ్చాను. సాయంత్రం మీ కుర్చీలో కూర్చుని, మీరు పక్కన కూర్చోబెట్టుకుని చూపించినట్టే విమానం పైకి లేపాను. కింద పొలాలు, ఇళ్లు ఎక్కడా ఆగకుండా సాగిపోయాయి. దించడం మాత్రం మీరు నాకు నేర్పలేదు. ఇంధనం అయిపోయేదాకా అలా ఎగురుతూనే ఉన్నాను.