లేచి కూర్చునే వాల్వు

కోయిలకుంట్ల,
గురువారం

బంగారు మనవరాలు శివానికి,

ఫోనులో చెబితే మీ తాత చెవిన పడుతుందని రాస్తున్నాను. మన వాల్వు రేడియో మళ్లీ మూగబోయింది. ప్రతి శుక్రవారం నమాజు కాగానే జిలాని బాషా వచ్చి బాగుచేస్తాడు. వారం తిరక్కుండానే చస్తుంది.

ఈసారి వెనక అట్ట నేనే ఊడదీశాను. వాల్వులన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి, చివరిది తప్ప. అది సాకెట్టులోంచి బియ్యపుగింజంత పైకి లేచి ఉంది. బడిలో జీవితమంతా ఫిజిక్సు చెప్పినదాన్ని. గాజుబుడ్డి దానంతట అదే లేచి కూర్చుంటుందంటే నమ్ముతానా? జిలానినడిగితే, "సాకెట్టు లూజైండాదమ్మా, అంతే" అంటాడు. ఎప్పుడూ అదే పాట.

కూలి తీసుకోడు. తాత పక్కన కూచుని టీ తాగి పోతాడు. పాత రేడియోలకిప్పుడు గిరాకీ అట. నేను విసిగి "తీసుకుపో నాయనా" అనేదాకా ఆడిస్తున్నాడని నా అనుమానం. రేపు వస్తే, ఇక మా గడప తొక్కొద్దని ముఖాన్నే చెప్పేస్తా. కడపలో ఇంకో మెకానిక్కును చూసిపెట్టు.

నీ అవ్వ,
గురమ్మ


కోయిలకుంట్ల,
మరో గురువారం

శివానీ తల్లీ,

జిలానితో ఆ మాట అనలేదు. రుజువుతో పట్టుకుందామని, అతను వెళ్లగానే ఆ వాల్వు గాజును కొంగుతో అద్దంలా తుడిచి అట్ట మూశాను. రేడియో మళ్లీ చచ్చిన రోజు తీసి చూస్తే, గాజు మీద తెల్లగా విభూతి వేలిముద్రలు! జిలాని విభూతి పెట్టుకోడు. నుదుట పూసుకుని చేయి కడుక్కోని మహానుభావుడు మనింట్లో ఒక్కడే.

కరెంటాఫీసు నుంచి రిటైరైనాక మీ తాత నాతో ఆడే మాటలు రెండే: "అన్నం", "చాలు". జిలాని వస్తే మాత్రం, "ఏమప్పా, వారమంతా యాడ సచ్చినావు?" అని గుమ్మంలోనే మొదలు. ఇద్దరి నవ్వులూ వంటింటిదాకా వినిపిస్తాయి.

ఏమీ ఎరగనట్టు, "జిలానిని ఊరికే పిలవచ్చు కదా?" అన్నాను.

పేపర్లోంచి తలెత్తలేదు. "పని ల్యాకుండా పిలిస్తే మర్యాదకు ఒకతూరి వస్తాడు. రెండోతూరి రాడు."

ఇప్పుడు తలచుకుంటే, సాకెట్టు లూజని చెప్పేటప్పుడు జిలాని కూడా నా ముఖం చూడడు.

కడపలో ఎవరినీ వెతకొద్దు. తాతకు నడుం పట్టేసి వంగలేకున్నాడు. రేపు శుక్రవారం. పోయిన శుక్రవారం జిలాని బాగుచేసిన రేడియో పొద్దున్నుంచి గొంతు చించుకుంటూనే ఉంది, ఆయన దాన్ని శత్రువును చూసినట్టు చూస్తున్నాడు. స్నానానికి పోగానే ప్లగ్గు పీకి, వాల్వును బియ్యపుగింజంత పైకి లాగాను. గాజుకు నా వేలి పసుపు అంటుకుంది. శుభ్రంగా తుడిచేశాను. మీ తాతకు అనుమానాలెక్కువ.

నీ అవ్వ,
గురమ్మ