వదిలితే మోగుతుంది

జూన్ 4
వదినకు బెల్ తయారైంది. పక్షవాతం వచ్చి మా ఆయన అక్కకు మాట పడిపోయింది, పనిచేసేది ఎడమ చెయ్యొక్కటే. ఆ చేతిలో ఇమిడే బటన్ ఒకటి, నా గదిలో బెల్‌ను నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు. బ్యాటరీ అయిపోకుండా బోర్డు నిద్రలోనే ఉంటుంది. బటన్ నొక్కితే సంకేతం అందుకునే పిన్ ఒకటి దాన్ని లేపుతుంది, బెల్ మోగుతుంది. ఆఫీసులో నేను రోజూ చేసే పనే. ఆయన పొంగిపోయి, మా అక్క పాలిట దేవతవి అన్నారు. సరే, దేవతనే.

జూన్ 9
ఫ్యాన్ వెయ్యాలి. ఫ్యాన్ తియ్యాలి. దిండు. కిటికీ. మళ్లీ కిటికీ. పైగా నొక్కిన బటన్ వదలదు, నేను వెళ్లేదాకా మోగుతూనే ఉంటుంది. ఇవాళ ఆన్‌లైన్ మీటింగులో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాపురానికొచ్చిన కొత్తలో నా ప్రతి పనికీ వంకలు పెట్టిన నోరు పడిపోయింది గానీ, చెయ్యి పడిపోలేదు.

జూన్ 10, మధ్యాహ్నం
బోర్డు ప్రోగ్రాంలో ఒక్క లైన్ మార్చాను. ఇకనుంచి పిన్ బోర్డును లేపేది బటన్ నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. పట్టుకున్నంతసేపూ చడీచప్పుడూ ఉండదు. వదిలితే ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. ఎవరికీ చెప్పలేదు. బెల్ పనిచేస్తూనే ఉందిగా, చెప్పడానికేముంది.

జూన్ 12
పిచ్చి మొహం. గట్టిగా నొక్కితే మోగుతుందనుకుంటోంది. తలుపు సందులోంచి చూశాను, పళ్లు బిగబట్టి మరీ నొక్కుతోంది. అలిసిపోయి వదిలాక మోగింది. తీరిగ్గా వెళ్లాను. అప్పటికే పక్క తడిపేసుకుంది. దుప్పటి మారుస్తుంటే ఏడ్చింది. నాకు హాయిగా అనిపించింది. ఇక్కడ కూడా అబద్ధం రాయడమెందుకు, హాయిగానే అనిపించింది.

జూన్ 15
తమ్ముడికి బటన్ చూపించి తల అడ్డంగా ఊపింది. ఆయన టక్కున నొక్కి వదిలారు. మోగింది. బానే ఉందిగా అక్కా, పాపం తననెందుకు అలా సతాయిస్తావ్ అని కసిరారు. వదిన నా వంక చూసింది. నేను దిండు సర్దాను.

జూన్ 16
ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూన్ 19, సాయంత్రం
మధ్యాహ్నం తినిపించి వచ్చాక ఒక్క బెల్లూ లేదు. మొత్తానికి దారికొచ్చింది. చాన్నాళ్లకు కాఫీ వేడిగా తాగాను.

జూన్ 19, మళ్లీ
ఆయన ఆఫీసు నుంచి వచ్చి నేరుగా అక్క గదిలోకి వెళ్లారు. కాసేపటికి బెల్ మోగింది. మళ్లీ మొదలెట్టిందిరా బాబూ అని విసుక్కుంటూ వెళ్లాను. వదిన చెయ్యి చల్లగా కొయ్యబారిపోయి ఉంది. ఆయన అప్పటికే ఆ వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, లోపలున్న బటన్ తీసేశారు.