కురిచేడులో లేని కుట్టు దుకాణం

బెజవాడ, శుక్రవారం

అక్కయ్యకు, తులసి నమస్కరించి రాయునది. నాకు జ్వరం తగ్గింది, కంగారు పడవద్దు.

నిన్న పుస్తకాల పండుగలో నా నవల పెట్టుకుని కూర్చుంటే ఒకామె వచ్చింది. పేరు శ్రీశైలమ్మ, సొంతూరు కొనకనమిట్ల. రాగానే నిలదీసింది.

“ఏందమ్మా, కురిచేడు స్టేషన్ పక్కన అన్నపూర్ణ కుట్టు దుకాణం ఉందని రాసినావు. నేను రైలు దిగి ఊరంతా ఎతికినా. అట్లాంటి దుకాణమే లేదన్నారు!”

అన్నపూర్ణ నేను కల్పించిన మనిషి అన్నాను. ఆమె నమ్మలేదు. చివరికి నీ సంగతి చెప్పాల్సి వచ్చింది. మా అక్కయ్యకు కుట్టుపని బాగా వచ్చు, దుకాణం పెట్టాలని ఆశపడింది, బావ వద్దన్నాడని మానుకుంది, మిగతాదంతా నా రాత అన్నాను.

ఆమె, “ఆ అన్నపూర్ణ కథ చదివినాకే నేను మార్కాపురంలో దుకాణం పెట్టినా. ఇప్పుడు రవికలు ఒక్కదాన్నే కుట్టలేకపోతన్నా. మీ అక్కను నా కాడికి పంపు” అంది.

నీ అడ్రసు ఇచ్చాను. వచ్చే వారం ఆదివారం మీ ఇంటికి వస్తుంది, భోజనం పెట్టు.

నాయన కంటి చుక్కల మందు అయిపోయిందా? ఇక్కడ దొరుకుతుంది, రాస్తే పంపుతాను. ఇటు వచ్చేవాళ్లుంటే నా నీలం శాలువా ఇచ్చి పంపు.

నవలలో నిన్ను అడగకుండానే నీ చేత దుకాణం పెట్టించాను. ఈసారి అడుగుతున్నాను. శ్రీశైలమ్మతో పోతావా?

బావకు నమస్కారం, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు,
రామతులసి