నలభై ఫారాలూ ఒక సంతకం

సోమవారం

ఒరే మొద్దూ,

బాగున్నావా. సంగతేంటంటే, నాకు సైకాలజీలో ప్రాజెక్టు పడింది. ఫోన్ల వల్ల జనానికి మతిమరుపు వస్తోందని నేను రుజువు చెయ్యాలి. శుక్రవారానికి నలభై ఫారాలు నిండాలి. పోయినేడు ఈ సబ్జెక్టే తప్పాను. ఈసారి కూడా తప్పితే మీ అత్త నన్ను గుమ్మం తొక్కనివ్వదు. నువ్వెలాగూ పొద్దస్తమానం ఆ తాళాల షాపులోనే పడుంటావుగా, వచ్చినోళ్ళందరికీ తలొకటి ఇవ్వు. ఫారాలు మెసేజిలో పట్టవు కదా, బస్సులో వేశాను.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఎవరి మీద పరిశోధన చేస్తామో వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే చెల్లదు. వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా బయటపెట్టం.

నోరు తెరిచి అడుగు. ఆరో క్లాసుతో బడి ఎగ్గొట్టినోడికి సైన్సులో వాటా దొరకడం అదృష్టం అనుకో.

ఇట్లు,
కాబోయే మనసు డాక్టరు, మీ బావ

తా.క. ఎలుక మీట నొక్కినప్పుడల్లా ఓ గింజ వేస్తే, ఇంక నొక్కుతూనే ఉంటుందట. గింజ ఆపేస్తే నొక్కడం మానేస్తుందట. మనిషైనా అంతే. నీలాంటి మొద్దుకి ఎక్కదులే.


మంగళవారం

బావకి నమస్తే,

ఫారాలు అందాయి. నోటితో అడగడం నావల్ల కాలేదు. మొదటాయన దగ్గర "సార్" దాకా వచ్చింది, తర్వాత దగ్గే వచ్చింది. ఆయన నీళ్ళిచ్చాడు. అందుకని కట్టకి దారం కట్టి మిషను పక్కన మేకుకి తగిలించా. తాళంచెవి కోసేదాకా ఊరికే నిలబడతారు కదా, వాళ్ళే రాసుకుంటున్నారు.

పదకొండు నిండాయి. "ఈ వారంలో ఏమైనా పోగొట్టుకున్నారా" అన్నదానికి పదకొండు మందీ అవునన్నారు.

ఉంటా,
నీ మామ కొడుకు

తా.క. ఏం పోగొట్టుకున్నారు అన్నచోట ఒక పెద్దాయన "ఓపిక" అని రాశాడు. దాన్ని ఎందులో కలపాలి?


మంగళవారం సాయంత్రం

ఒరే మొద్దూ,

నూటికి నూరు! నూటికి నూరు రా! ఊరు ఊరంతా మతిమరుపే! మా మేడం కూడా ఇలాంటిది చూసుండదు. ఒరే మొద్దూ, దెబ్బకి చరిత్రలోకెక్కావు.

ఇప్పుడు భయం మీద నాలుగు ప్రశ్నలు కలుపుతున్నా, కాగితం వెనకాల రాసెయ్. ఒకటి, ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరతారు. రెండు, అప్పుడు ఇంట్లో ఎవరుంటారు. మూడు, తాళం వేశామా లేదా అని ఎన్నిసార్లు వెనక్కొస్తారు. నాలుగు, రెండో తాళంచెవి ఎక్కడ దాస్తారు.

ఇట్లు,
చరిత్రకారుడు, మీ బావ


బుధవారం పొద్దున

ఒరే మొద్దూ,

బతికున్నావా? జవాబేది?

బావ


బుధవారం మధ్యాహ్నం

బామ్మర్దీ,

పని ఎక్కువగా ఉందా? వీలు చూసుకుని ఓ ముక్క రాయి.

నీ బావ


బుధవారం మధ్యాహ్నం, రెండు నిమిషాల తర్వాత

బావకి నమస్తే,

తాళాల షాపుకి తాళంచెవి పోనోడు ఎందుకొస్తాడు బావా? నీ లెక్క ఎలా ఉందంటే, చెప్పుల కొట్టు ముందు నిలబడి ఊళ్ళో అందరి చెప్పులూ తెగాయని రాసుకున్నట్టుంది. ఇది చెప్పడానికి కాలేజీ ఎందుకు, షాపులో నేను కూర్చునే స్టూలు చాలు.

నీ నాలుగు ప్రశ్నల సంగతి విను. టీచరమ్మ ఒకావిడ వచ్చింది. ఆవిడ ఇంటి తాళంచెవి నా చేతిలో ఉంది. ఆవిడ చేతిలో ఫారం. చదివింది. నన్ను చూసింది. మళ్ళీ చదివింది. "మా ఇంటి తాళంచెవి నీ చేతిలో పెట్టుకుని, ఇంట్లో ఎప్పుడెవరుండరో నన్నే రాసిమ్మంటావా?" అంది. నీ సైన్సు గురించి చెప్దామనుకున్నా. కానీ తెల్లమొహం వేశా. దొంగలు కూడా అలాగే వేస్తారట, తాళంచెవి కోసం వచ్చిన ఓ లారీ డ్రైవరు చెప్పాడు, నా కాలరు పట్టుకుని. టీచరమ్మ తాళంచెవి లాక్కుని వెళ్ళిపోయింది.

మా ఓనరు ఫారాలన్నీ చింపేశాడు. "ఇరవై ఏళ్ళుగా జనం నా మొహం చూసి ఇంటి తాళంచెవులిస్తున్నారు. శుక్రవారంలోగా ఆవిడ మళ్ళీ నీ చేతికే తాళంచెవి ఇస్తే ఉండు, లేదా దయచెయ్" అన్నాడు. నాకు వచ్చిన పని ఇదొక్కటే బావా.

ఉంటా,
నీ మామ కొడుకు

తా.క. ఒకాయన మాత్రం నాలుగుకీ శుభ్రంగా రాశాడు. రెండో తాళంచెవి పూలకుండీ కింద ఉందట. మా ఓనరు అది చదివి ఆయనకి కొత్త తాళం అమ్మాడు.


బుధవారం సాయంత్రం

ఎంత పని చేశావురా మొద్దూ!

చింపేస్తుంటే చూస్తూ నిలబడ్డావా? నా బతుకు బుగ్గి చేశావు కదరా!

బావ


గురువారం పొద్దున

బామ్మర్దీ,

తప్పు నాదే. నీ ఉద్యోగం ఉంటుందా? నా సంగతి తర్వాత.

నీ బావ


గురువారం మధ్యాహ్నం

బామ్మర్ది గారికి నమస్కారాలు,

సరే, నా సంగతి కూడా చూడు. రేపే ఆఖరు. ఏదైనా దారుంటే దయచేసి చెప్పు.

నీ మాట కోసం చూసే బావ


గురువారం మధ్యాహ్నం, ఒక నిమిషం తర్వాత

బావకి నమస్తే,

ఉద్యోగం నిలిచింది. పొద్దున నీ మెసేజి చూడగానే టీచరమ్మ బడి గేటు దగ్గరికెళ్ళా. నోటితో చెప్పలేక ఫోను ఆవిడ చేతిలో పెట్టా. నీ మెసేజిలన్నీ చదివింది. మొదట చిరాకు పడింది, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. "దొంగకైనా ఇంతకంటే తెలివుంటుంది" అంది. నీ గురించే. తాళంచెవి నా చేతికిచ్చింది.

ఇక నీ దారి. ఎలుకా గింజా అన్నావు కదా. మంగళవారం సాయంత్రం నుంచి నేనూ ఒకటి మొదలెట్టా. మొద్దు అన్న మెసేజికి జవాబివ్వలేదు. బామ్మర్దీ అనగానే ఇచ్చా, ఆ జవాబే గింజ. ఇవాళ పొద్దున మాత్రం బడి గేటు దగ్గరుండి గింజ ఆలస్యమైంది. తాళంచెవుల పుస్తకం వెనక రాసుకున్నా. నీ మెసేజిల్లో మొద్దు వరసగా రెండు, రెండు, ఒకటి, సున్నా, ఒకటి, సున్నా, సున్నా. మధ్యలో నీకు కోపమొచ్చి మళ్ళీ ఒకటి పడింది. దాన్ని కొట్టెయ్యలేదు. ఆఖర్న "గారు" నేనడక్కుండానే వచ్చింది, అది విడిగా రాశా. ఒక్కడి మీద చేసింది కాబట్టి పెద్ద రుజువేం కాదు. చెప్పుల కొట్టు కంటే నయం.

కాగితం బస్సులో వేశా. ఇదే ఇచ్చుకో. గడువులోగా అంశం మార్చుకోవచ్చని మీ కాలేజీ ఫారం అడుగునే అచ్చయి ఉంది, నువ్వు చదవలేదు.

సంతకం ఒక్కటే బాకీ. ఎవరి మీద చేశామో వాళ్ళు పెట్టకపోతే చెల్లదన్నావు. పెట్టు.

ఉంటా,
నీ బామ్మర్ది

తా.క. పేరు బయటపెట్టలేదు, భయపడకు. నీ పేరుండాల్సిన ప్రతిచోటా "ఎలుక" అని రాశా.