కొల్లేటి గట్టున ఫోటో

ఏలూరు ఫోటోగ్రాఫరు గారికి, కలిదిండి దగ్గర కొల్లేటి గట్టున కాపురముంటున్న సైదు నాంచారమ్మ, వయసు డెబ్బై, కొడుకూ కోడలూ ముగ్గురు మనవలూ గల ఇంటి పెద్ద, చెప్పి రాయించినది ఏమనగా.

మా ఆయన పోయిన రోజున మీరే వచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశారు. అందులో ఆయన పోలికే లేదండి. ఒక్క పూట నవ్వకుండా ఉన్న మనిషి కాదాయన. అందుకని నన్ను బతికుండగానే తియ్యాలి, ఇంటిల్లిపాదితో కలిపి.

మా అబ్బాయి గంగరాజు, "బతికున్నోళ్ళకి ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దమ్మా, నేను రాను" అంటున్నాడు.

"డెబ్బై ఏళ్ళదాన్ని, నాకింకేం తగ్గుద్దిరా పిరికోడా!" అన్నాను.

శనివారం పొద్దు వాలేవేళకు రండి. నీళ్ళ మీద ఎండ మెత్తబడ్డాక దోనెను ఒడ్డుకు లాగి, దాని అంచున కూర్చుంటాం. బిగుసుకుని ఉండమని ఎవరినీ అదిలించకండి. పిల్లలు కదిలి మసగ్గా పడినా నాకు సమ్మతమే. గంగరాజు రాకపోతే నా పక్కన వాడి చోటు ఖాళీగా ఉంచే తియ్యండి. పెద్దయ్యాక వాడి పిల్లలే అడుగుతారు, నాన్న ఏడీ అని.

ఇది నాంచారమ్మ వేలిముద్ర.

సాక్షులు:
పొరుగింటి కనకరాజు.
కొడుకు గంగరాజు. చోటు ఖాళీగా ఉంచనక్కర్లేదండి, వస్తున్నాను.